అమ్మమ్మ కాసు మీది వీణ

అందరికీ నమస్కారం. ఇంత వానలో కూడా ఇంతమంది వచ్చారు, సంతోషం. వెనక వరుసలో వాళ్లకు వినపడకపోతే చెయ్యెత్తండి. మైకు ఇవాళ కొంచెం మొండికేస్తోంది.

ఈ మాట ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలా అని రెండు రోజులు ఆలోచించాను. చివరికి మా అమ్మమ్మ కాసులపేరు దగ్గరికే వచ్చి ఆగాను. ఆ పేరులో దాదాపు అన్నీ లక్ష్మీదేవి ముద్ర వేసిన కాసులే. ఒక్కటి మాత్రం వేరు. అది అసలు సవరను, అంటే ఇంగ్లండ్ బంగారు నాణెం. ఎనిమిది గ్రాములకు పిసరంత తక్కువ. మన వైపు ‘కాసు బంగారం’ అంటే ఎనిమిది గ్రాములని లెక్కపెట్టే అలవాటు ఈ సవరను తూకం నుంచి వచ్చిందే. ఒక పక్క విక్టోరియా రాణి తల. రెండో పక్క కిరీటం, దాని కింద డాలు, డాలు చుట్టూ ఆకుల కొమ్మలు. ఇలా డాలు ముద్రతో సవరన్లు ఆ రాణి కాలంలో 1838 నుంచి 1887 దాకా వచ్చాయి.

ఆ డాలుకి నాలుగు గదులు. మూడింట్లో సింహాలు. నాలుగోది, మనం చూస్తున్నప్పుడు ఎడమ వైపు కింద ఉండే గది, అందులో ఆవగింజంత బొమ్మ. చిన్నప్పుడు అమ్మమ్మను అడిగాను, ఇదేంటి అమ్మమ్మా అని. ‘సరస్వతీదేవి వీణరా. రాణి అయితే మాత్రం చదువు అక్కర్లేదేంటి?’ అంది. (నవ్వులు)

చాలా ఏళ్ల తర్వాత లెన్స్ పెట్టి చూస్తే తెలిసింది, అది ఐర్లండ్ దేశపు హార్ప్ అని, నిలువుగా కట్టిన తీగల్ని వేళ్లతో మీటే వాయిద్యమని. అమ్మమ్మ పొరబడిందని నవ్వుకున్నాను. ఆ తర్వాత అమరావతి శిల్పాల బొమ్మలు చూస్తే నవ్వు ఆగిపోయింది. ఆ పలకల మీద వీణ వాయించేవాళ్ల చేతుల్లో ఉన్నది మన బొబ్బిలి వీణ లాంటిది కాదు. విల్లులా వంగిన కొమ్మ, దానికి వరుసగా కట్టిన తీగలు. సంగీత చరిత్ర రాసేవాళ్లు దాన్ని హార్ప్ జాతి వాయిద్యమే అంటారు. సముద్రగుప్తుడి బంగారు నాణెం ఒకటి ఉంది, నాలుగో శతాబ్దం నాటిది. రాజు ఆసనం మీద తీరిగ్గా కూర్చుని ఒళ్లో వీణ పెట్టుకుని వాయిస్తుంటాడు. అదీ ఆ వంపు తిరిగిన వీణే. అంటే అమ్మమ్మ మరీ అంత తప్పేం చెప్పలేదు, పదిహేను వందల ఏళ్లు ఆలస్యంగా చెప్పిందంతే.

ఆ రెండు నాణేల మధ్య తేడా చూడండి. మన నాణెం మీద వీణ ఉంది, వాయించే మనిషీ ఉన్నాడు. సవరను మీద ఒట్టి వాయిద్యమే. వాయించేవాడు లేడు. ఆ మనిషి ఏమయ్యాడు? ఇవాళ నేను చెప్పదలచింది అదే.

ముందు ఈ డాలు గొడవ ఏమిటో రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఐరోపాలో 12వ శతాబ్దం నుంచి యుద్ధానికి వెళ్లే వీరులు తమ డాళ్ల మీద గుర్తులు వేయించుకోవడం స్థిరపడింది. ముఖం ఇనుప టోపీలో దాగిపోతుంది కాబట్టి ఎవడు ఎవడో డాలు చూసి పోల్చుకోవాలి. తర్వాత అది తండ్రి నుంచి కొడుక్కి వచ్చే ఆస్తి అయింది. మన దగ్గర కాకతీయులకూ, విజయనగర రాజులకూ వరాహ లాంఛనం ఉంది కదా. అది రాజముద్ర. అక్కడ రాజుకే కాదు, చిన్న జమీందారుకీ, ఊరికీ, చర్చికీ, కాలేజీకీ ఎవరి లాంఛనం వాళ్లకుంది. ఒకరిది ఇంకొకరు వాడితే తగాదా. ఆ లెక్కలు చూడటానికి ప్రత్యేకంగా అధికారులు, వాళ్లకో శాస్త్రం. దాని పేరే హెరాల్డ్రీ.

ఆ శాస్త్రంలో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. లాంఛనానికి అసలు హక్కు పత్రం బొమ్మ కాదు, మాట. ‘నీలి డాలు మీద బంగారు హార్ప్, వెండి తీగలు.’ ఇంతే. ఈ వాక్యానికి లోబడి ఏ చిత్రకారుడు ఎలా గీసినా చెల్లుతుంది. హార్ప్ లావుగా ఉండొచ్చు, సన్నగా ఉండొచ్చు. తీగలు ఎనిమిది గీసినా పన్నెండు గీసినా ఎవరూ అడగరు. రంగులకు మాత్రం గట్టి నియమం ఉంది. బంగారం, వెండి అనేవి లోహాలు. నీలం, ఎరుపు, నలుపు, ఆకుపచ్చ అనేవి రంగులు. రంగు మీద రంగు వేయకూడదు, లోహం మీద లోహం వేయకూడదు. దూరం నుంచి కనపడాలి కదా మరి. మన ఆర్టీసీ బోర్డులు రాసేవాళ్లకు కూడా ఈ సూత్రం తెలుసు. ఈ ‘మాట స్థిరం, బొమ్మ అస్థిరం’ అన్నది గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

డాళ్ల మీద వాయిద్యాలు చాలానే ఉన్నాయి. ఎక్కువ భాగం శ్లేష వల్ల వచ్చినవి. అవునండీ, మన శ్లేషాలంకారమే. ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జి పక్కన ట్రంపింగ్టన్ అనే ఊరుంది. అక్కడి సర్ రోజర్ డి ట్రంపింగ్టన్ తన డాలు మీద రెండు ట్రంపెట్లు వేయించుకున్నాడు. ఊరి చర్చిలో ఆయన సమాధి మీద 1289 నాటి ఇత్తడి రేకు బొమ్మ ఇప్పటికీ ఉంది, డాలూ ట్రంపెట్లూ సహా. మనలో మద్దెల వారూ, కొమ్ము వారూ ఉన్నారు. వాళ్ల తాతలు ఆ దేశంలో పుట్టి ఉంటే డాలు మీద ఏం వేయించుకునేవాళ్లో వేరే చెప్పాలా?

ఇంకో శ్లేష అయితే మరీ తమాషా. దక్షిణ ఫ్రాన్స్‌లో ఆరెంజ్ అనే చిన్న సంస్థానం ఉండేది. దాని మూలపురుషుడని చెప్పుకునే విలియం, పన్నెండు వందల ఏళ్ల కిందటి షార్లమేన్ చక్రవర్తి కాలం వాడు. యుద్ధంలో ముక్కు కొస తెగిందని కథ. అందుకని ఫ్రెంచి వీరగాథల్లో ఆయన్ని ‘కుర్ నే’ అన్నారు, పొట్టి ముక్కువాడని. నోళ్లలో నలిగి నలిగి అది ‘కోర్నే’ అయింది. కోర్నే అంటే వేటగాళ్లు ఊదే కొమ్ము. దాంతో ఆరెంజ్ లాంఛనంలో కొమ్ము వచ్చి కూర్చుంది. ఆ సంస్థానం పేరు పెళ్లిళ్లూ వారసత్వాల మీదుగా డచ్చి రాజవంశానికి చేరింది. ఇవాళ నెదర్లాండ్స్ రాజు జెండాలో నాలుగు మూలలా నాలుగు నీలి కొమ్ములు ఉంటాయి. తెగిన ముక్కు కాస్తా కొమ్ము అయి ఇన్ని వందల ఏళ్లు బతికింది! మన ఊళ్ల పేర్ల వెనక స్థలపురాణాలు ఇలాగే కదా పుట్టేది.

మన కాలంలో వాయిద్యకారులే లాంఛనాలు పుచ్చుకుంటున్నారు. 1987లో ఇంగ్లండ్ పాప్ గాయకుడు ఎల్టన్ జాన్‌కి ఇచ్చిన దానిలో పియానో మెట్లూ, గ్రామఫోన్ రికార్డులూ ఉన్నాయి. బీటిల్స్ బృందం పాల్ మెకార్ట్‌నీకి 2001లో ఇచ్చిన దానిలో డాలు పొడుగునా ఆరు గిటారు తీగలు, పైన ఆయన ఊరు లివర్‌పూల్ గుర్తైన పక్షి గోళ్లలో ఒక గిటారు. చూడ్డానికి సరదాగా ఉంటాయి. చెప్పుకోవడానికి అంతకంటే ఏమీ లేదు.

హార్ప్ కథ అలాంటిది కాదు. ఒక వాయిద్యం ఏకంగా ఒక దేశానికి జాతీయ చిహ్నమైంది. ఇంకో దేశానికి ఈ సంగతి నాకు కనపడలేదు. దొరికినంతలో పాత ఆధారం 13వ శతాబ్దపు చివరి భాగంలో ఫ్రాన్స్‌లో తయారైన ఒక లాంఛనాల పట్టీ. అందులో ‘ఐర్లండ్ రాజు’ అని రాసి నీలం మీద బంగారు హార్ప్ వేశారు. అప్పటికి ఐర్లండ్ మొత్తానికి ఒక రాజు లేడు. అక్కడెక్కడో కూర్చున్న ఫ్రెంచివాడికి ఐర్లండ్ అనగానే హార్ప్ గుర్తొచ్చింది, అంతగా ఉండేది ఆ సంగీతం పేరు. ఐర్లండ్ దొరల కొలువుల్లో హార్ప్ వాయించేవాడికి పెద్ద పీట. కవి పద్యం కడతాడు, హార్ప్ వాయిద్యకారుడు దానికి తోడుంటాడు. ఇత్తడి తీగలు, వాటిని పెంచిన గోళ్లతో మీటడం. గంట మోగినట్టు చాలాసేపు నిలిచే నాదం.

ఇప్పుడు ఎనిమిదో హెన్రీ వస్తాడు. ఆరు పెళ్లిళ్ల హెన్రీ. అంతకుముందు ఐర్లండ్ కోసం ఇంగ్లండ్ రాజులు కొట్టించిన నాణేల మీద కొన్నాళ్లు మూడు కిరీటాలు ఉండేవి. 1534 ప్రాంతంలో హెన్రీ తొలిసారి హార్ప్ వేయించాడు, దాని మీద ఒక కిరీటం పెట్టి. ఇంగ్లండ్ నాణెం కంటే వీటిలో వెండి నాణ్యత తక్కువ. హార్ప్ కనపడిందంటే ఇది ఐర్లండ్ సరుకు, జాగ్రత్త అన్నమాట. గౌరవమో అవమానమో మీరే ఆలోచించుకోండి.

నాణేలు పోగుచేసేవాళ్లకు ఇక్కడ ఒక చిన్న పండుగ. హార్ప్‌కి అటూ ఇటూ రెండు అక్షరాలు ఉంటాయి. ఒకటి హెన్రీది, రెండోది రాణిది. ముందు హెచ్, ఏ. ఏ అంటే ఆన్ బొలీన్. 1536లో ఆవిడ తల తీయించాడు. తర్వాత హెచ్, ఐ. ఆ రోజుల్లో జే బదులు ఐ రాసేవారు, అది జేన్ సీమోర్. ఇంకొన్నిటి మీద హెచ్, కే. క్యాథరిన్ హోవర్డ్. ఆవిడ తలా దక్కలేదు. టంకశాలలో అచ్చు చెక్కేవాడి టెన్షన్ ఊహించుకోండి, కొత్త అచ్చు తయారయ్యేసరికి రాణి ఉంటుందో ఉండదో! (నవ్వులు) అక్షరాలు మారాయి గానీ హార్ప్ చెక్కుచెదరలేదు. 1541లో ఐర్లండ్ పార్లమెంటు హెన్రీని తమ రాజుగా ప్రకటించింది. 1603లో మొదటి జేమ్స్ ఇంగ్లండ్, స్కాట్లండ్ రెంటికీ రాజయ్యాక లాంఛనాన్ని తిరగరాయిస్తూ హార్ప్‌ని మూడో గదిలో పెట్టాడు. అమ్మమ్మ కాసు మీద ఉన్న గది అదే. బ్రిటన్ రాజలాంఛనంలో ఇవాళ్టికీ అక్కడే ఉంది.

ఆ గది దొరికిన శతాబ్దమే ఐర్లండ్ పాత దొరతనానికి ఆఖరిది. దొరలు ఓడిపోయారు, కొందరు దేశం విడిచి వెళ్లారు, భూములు చేతులు మారాయి. కొలువు పోతే కొలువు విద్వాంసుడు ఏం చేస్తాడు? ఊళ్లు పట్టుకు తిరిగాడు. కళ్లు లేని పిల్లలకు ఒక బతుకుదెరువు ఉంటుందని హార్ప్ నేర్పించేవారు. ఆ తరంలో అందరికంటే పేరున్న కారొలన్ కూడా అంధుడే. 1738లో పోయాడు. గుర్రం మీద ఇల్లిల్లూ తిరిగి, అన్నం పెట్టిన ఇంటివారి పేరున ఒక వరస కట్టి ఇచ్చేవాడు. మన దగ్గర సంస్థానాలు పోయాక నాదస్వరం వాళ్లూ, భాగవతులూ ఎలా తిరిగారో తెలిసినవాళ్లకు ఇది వివరించక్కర్లేదు.

అదే కాలంలో డాలు మీద హార్ప్‌కి ఏమైందో తెలుసా? ఒళ్లు చేసింది. ముందు స్తంభం ఉండాల్సిన చోట రెక్కలున్న ఆడమనిషి వచ్చింది. రొమ్ము విరుచుకుని, ఓడ ముందు చెక్కిన బొమ్మలాగా. ఇందాక చెప్పాను కదా, మాటలో ‘హార్ప్’ అనే ఉంటుంది, బొమ్మ గీసేవాడిష్టం. ఆ బొమ్మను చూసి ఎవరైనా నిజంగా హార్ప్ చేస్తే అది మోగదు. తీగల లాగుడుకి ఆ రెక్కలమ్మ నడుం విరుగుతుంది. అసలు వాయిద్యం చూసినవాళ్లు తగ్గిపోయినప్పుడు బొమ్మ ఇలా తన దారిన తాను పోతుంది.

1792 జూలైలో బెల్‌ఫాస్ట్‌లో కొందరు పౌరులు పూనుకుని, మిగిలి ఉన్న హార్ప్ వాళ్లందరినీ పిలిచి బహుమతులిస్తామని ప్రకటించారు. దేశమంతా కలిపి వచ్చింది పదిమంది, వేల్స్ నుంచి ఇంకొకాయన. పదిమందిలో ఎక్కువమంది అంధులు, చాలామంది ముసలివాళ్లు. అందరికంటే పెద్దాయన డెనిస్ హెంప్సన్, తొంభై దాటాయి. పాత పద్ధతిలో, పెంచిన గోళ్లతో ఇత్తడి తీగలు మీటింది ఆయనొక్కడే. వరసలు రాసుకోవడానికి ఎడ్వర్డ్ బంటింగ్ అనే పంతొమ్మిదేళ్ల ఆర్గన్ వాయిద్యకారుణ్ణి కూర్చోబెట్టారు. ఇవాళ మనకు ఆ సంగీతం గురించి తెలిసిందాంట్లో చాలా భాగం ఆ కుర్రాడు రాసిందీ, దానివల్ల అంటుకుని తర్వాత ఊరూరా తిరిగి పోగుచేసిందీ.

అదే వారం అదే ఊళ్లో ఇంకొకాయన ఉన్నాడు. వుల్ఫ్ టోన్. అంతకుముందు ఏడాది ఇదే బెల్‌ఫాస్ట్‌లో యునైటెడ్ ఐరిష్‌మెన్ అనే సంఘం పెట్టిన వాళ్లలో ఒకడు. ఇంగ్లండ్ మీద తిరుగుబాటు చేసిన సంఘం. వాళ్ల ముద్ర ఏమిటి? హార్ప్! పైన కిరీటం తీసేసి, ఫ్రెంచి విప్లవం వాళ్ల స్వేచ్ఛా టోపీ పెట్టారు. కింద ఒక వాక్యం: కొత్త తీగలు కట్టాం, ఇక వినపడి తీరుతుంది అని. ఎంత గొప్పగా ఉంది! మరి ఆ టోన్ ముసలి హార్ప్ వాళ్ల కచేరీకి వెళ్లి వచ్చి డైరీలో ఏం రాసుకున్నాడో తెలుసా? మళ్లీ ఈ హార్ప్ వాళ్లే, టింగుటింగుమని మీటుకుంటూ చావనీ అని. కొంచెం మర్యాదగా చెప్పాను, ఆయన ఉరెయ్యమన్నాడు.

దీన్ని చదివినప్పుడల్లా నాకు కోపమూ వస్తుంది, నవ్వూ వస్తుంది. హార్ప్‌ని నెత్తిన పెట్టుకున్న మనిషికి హార్ప్ వినే ఓపిక లేదు. ఆయన్ని తప్పు పట్టడం తేలికే. కానీ తెలుగుతల్లి బొమ్మకు దండేసి, అవధానం మొదలవగానే ఫోన్ తీసి చూసుకునే మనం ఆయన్ని ఏమంటాం చెప్పండి.

ఇక్కణ్ణుంచి హార్ప్ రెండు పక్కలా ఉంది. ఐర్లండ్‌లో పోలీసు టోపీ బిళ్ల మీద కిరీటం ఉన్న హార్ప్. తిరుగుబాటుదారుల ఆకుపచ్చ జెండా మీద కిరీటం లేని హార్ప్. పట్టుకునేవాడిదీ హార్పే, పట్టుబడేవాడిదీ హార్పే. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అక్కడ మనవాడొకాయన చదువుకుంటున్నాడు. తర్వాత మన రాష్ట్రపతి అయిన వరాహగిరి వేంకటగిరి గారు. బరంపురంలో పుట్టి, 1913లో న్యాయశాస్త్రం కోసం డబ్లిన్ యూనివర్సిటీ కాలేజీకి వెళ్లారు. ఐర్లండ్ జాతీయోద్యమం వాళ్లతో సంబంధాలున్నాయని 1916లో అక్కణ్ణుంచి పంపించేశారు. ఆ ఏడాది ఏప్రిల్‌లో ఇంగ్లండ్ మీద జరిగిన ఈస్టర్ తిరుగుబాటుకు కొద్ది రోజుల ముందు డబ్లిన్‌లో కార్మిక సంఘం భవనం లిబర్టీ హాలు మీద బంగారు హార్ప్ ఉన్న ఆకుపచ్చ జెండా ఎగరేశారు. గిరి గారు ఆ ఊళ్లోనే ఉన్నారు. రెండు హార్పులూ ఆయన కంటబడకుండా ఉండే అవకాశం లేదు.

1922లో స్వతంత్ర రాజ్యం వచ్చింది. ముద్ర కావాలి. హార్ప్ తప్ప ఇంకోటి ఎవరు ఒప్పుకుంటారు? చిక్కేమిటంటే హార్ప్ అప్పటికే ఒకరి దగ్గర రిజిస్టరై ఉంది. ఎవరి దగ్గర? (సభలోంచి: గిన్నెస్!) అంత తొందరగా చెప్పేశారు, అనుభవం ఉన్నట్టుంది. (నవ్వులు) అవును, డబ్లిన్ బీరు కంపెనీ గిన్నెస్. 1862 నుంచి సీసా మీద హార్ప్ వేస్తున్నారు, 1876లో ట్రేడ్‌మార్కుగా నమోదు చేయించుకున్నారు. కాబట్టి ప్రభుత్వం తన హార్ప్‌ని అటు తిప్పి పెట్టుకుంది. గిన్నెస్ హార్ప్‌కి నిటారు అంచు ఎడమ పక్కన ఉంటుంది, ప్రభుత్వం దానికి కుడి పక్కన. ఏడు వందల ఏళ్ల చిహ్నం సారాయి సీసాకి దారిచ్చి పక్కకి తిరిగింది.

రెక్కలమ్మను మాత్రం వదిలేశారు. బొమ్మకు నమూనాగా అసలు హార్ప్‌నే ఎంచుకున్నారు, అది ఈ కథలో నాకు నచ్చిన పని. డబ్లిన్ ట్రినిటీ కాలేజీ పాత లైబ్రరీలో ఒక హార్ప్ ఉంది. 1014లో చనిపోయిన బ్రయన్ బోరు మహారాజుదని జనం చెప్పుకుంటారు. నిజానికి దాన్ని చేసింది 14, 15 శతాబ్దాల్లో. రాజు పోయి మూడు నాలుగు వందల ఏళ్లయ్యాక. ఓక్, విల్లో కొయ్యలు, 29 తీగలు. చిన్నది, ఒళ్లో పెట్టుకోవచ్చు. 1969లో దాన్ని ఎవరో ఎత్తుకుపోయారు కూడా. అదృష్టం, కొన్ని వారాల్లో దొరికింది. లాంఛనాల కార్యాలయంలోంచి 1907లో పోయిన ఐర్లండ్ రాజాభరణాలు మాత్రం ఇంతవరకూ దొరకలేదు. రాళ్లూ వజ్రాలూ పోయినా కొయ్య ముక్క మిగిలింది, అదీ ఒకందుకు మంచిదే.

ఆ కార్యాలయం సంగతి కూడా ఒక మాట. దేశం విడిపోయాక కూడా డబ్లిన్ కోటలోని ఆ ఆఫీసు బ్రిటన్ రాజు కిందే నడిచింది, 1943 దాకా. ఐర్లండ్ చేతికి వచ్చాక, 1945 నవంబరు 9న ఐర్లండ్ లాంఛనాన్ని అక్కడ నమోదు చేశారు. నీలి డాలు, బంగారు హార్ప్, వెండి తీగలు. పదమూడో శతాబ్దపు ఫ్రెంచివాడు వేసిన నీలం, బంగారం అలాగే ఉన్నాయి. ఇప్పుడది పాస్‌పోర్టు మీద ఉంది, కోర్టుల్లో ఉంది, నాణేల మీద ఉంది. 1928లో కొట్టిన నాణేల కోసం కవి యేట్స్ అధ్యక్షుడిగా కమిటీ వేశారు. ఒక పక్క హార్ప్, రెండో పక్క గుర్రం, ఎద్దు, కుందేలు, కోడీ పిల్లలూ, పందీ పిల్లలూ. నా కంటికి గత శతాబ్దంలో వచ్చిన అందమైన నాణేల్లో అవి ముందుంటాయి. ఆ పెట్టె ఒకటి నా దగ్గరుంది, టీ తాగేటప్పుడు చూపిస్తాను.

వాయించే మనిషి సంగతి అడిగాను కదా మొదట్లో. ఇత్తడి తీగల హార్ప్ పంతొమ్మిదో శతాబ్దంలో దాదాపు ఆగిపోయింది. నిన్న మొన్నటి తరం వాళ్లు బంటింగ్ రాతలూ, ట్రినిటీ హార్ప్ కొలతలూ ముందేసుకుని మళ్లీ గోళ్లు పెంచి నేర్చుకున్నారు. 2019లో ఐర్లండ్ హార్ప్ వాదనాన్ని యునెస్కో తన సాంస్కృతిక వారసత్వ పట్టీలో చేర్చింది. గురువు నుంచి వినలేదు, కాయితం నుంచీ కొయ్య నుంచీ నేర్చుకున్నారు. అది పాత నాదమేనా అంటే చెప్పడానికి హెంప్సన్ రావాలి.

సరే, టీ వచ్చినట్టుంది. మా మేనకోడలు డబ్లిన్‌లో ఉంటుంది, ఒక యూరో నాణెం పంపింది. దాన్నీ, అమ్మమ్మ కాసునీ ఈ లెన్స్‌తో పాటు మొదటి వరుస నుంచి పంపిస్తున్నాను. యూరో మీద నిటారు అంచు ఎటు ఉందో చూడండి, నేను చెప్పినట్టు కుడి పక్కనే ఉండాలి. కాసు మీద ఎటు ఉందో నేను చెప్పను, మీరే కనిపెట్టండి. యూరో తిరిగి రాకపోయినా నేనేం అనను. కాసు మాత్రం రావాలండీ, మా అమ్మకు చెప్పకుండా తెచ్చాను.